వకీలుకి తొడిగిన సైనిక కోటు

అమెరికా వెళ్లొచ్చినవాళ్లని అందరూ నయాగరా గురించి అడుగుతారు. నన్నూ అడిగారు. నేను నయాగరా చూడలేదు. నాలుగు రోజులు కారులో కూర్చుని, ఎప్పుడో చనిపోయిన ఒక రష్యన్ వకీలు కోసం ఊళ్లు తిరిగాను. కోపంతో బయల్దేరి అంతకంటే ఎక్కువ కోపంతో తిరిగొచ్చాను. వచ్చి రెండు నెలలైనా అది చల్లారలేదు. చల్లారాక రాస్తే మర్యాదగా రాస్తానేమోనన్న భయంతో ఇప్పుడే రాస్తున్నాను.

నా గురించి రెండు ముక్కలు. నా పేరు భారతి. గుంటూరు క్రిమినల్ కోర్టుల్లో ముప్పై రెండేళ్లు ప్రాక్టీసు చేశాను. పోయినేడు నల్లగౌను మడిచి బీరువాలో పెట్టేసి, ఈ మార్చిలో న్యూజెర్సీలో ఉన్న మా చెల్లెలు వసంత దగ్గరికి వెళ్లాను.

ఐసెలిన్

ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద నడుస్తుంటే విమానం ఎక్కినట్టే ఉండదు. చీరల కొట్లు, నగల కొట్లు, పుట్టినరోజు కేకు మీద తెలుగులో పేరు రాసిచ్చే బేకరీ, అన్నీ ఉన్నాయి. మసాలా దోసె పద్నాలుగు డాలర్లు. గుంటూరులో ఆ డబ్బుతో మా వీధి మొత్తం టిఫిన్ చేస్తుందని అంటే, వసంత నన్ను మోచేత్తో పొడిచింది. లెక్కలు గట్టడం మొదలుపెడితే ఇక్కడ నీళ్లు కూడా తాగలేవంది.

వచ్చిన మూడో రోజున వసంత ఇంటి తలుపు తట్టింది వెరా. రెండిళ్ల అవతల ఒంటరిగా ఉండే ఎనభై ఆరేళ్ల ఆవిడ. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, నిటారైన నడుము. బడిలో లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరైందట. చేతిలో ఒక కవరు పట్టుకుని, ఈ ఇంటికి లాయరు వచ్చిందని విన్నానంది. ఇండియా లాయరుని, ఇక్కడ పనికిరానని చెప్పాను.

"మా నాన్న కూడా ఇక్కడ పనికిరాని లాయరే," అని కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే. నా భాషలోకి తెచ్చుకుని చెబుతున్నాను. ముందు నా తండ్రి పేరు అడిగింది. వెంకటరత్నం అన్నాను. రష్యాలో పెద్దవాళ్లని తండ్రి పేరు కలిపి పిలవడం మర్యాదట. ఆ పూటనుంచీ ఆవిడకి నేను భారతీ వెంకటరత్నోవ్నా అయిపోయాను. మనకి ఇంటిపేరు ముందు, తండ్రి పేరు ఎక్కడో అప్లికేషన్ ఫారంలో. వాళ్లకి తండ్రి పిలుపులోనే ఉంటాడు. తండ్రి మీద ఇంత పట్టున్న మనిషి దగ్గర తండ్రి పేరు పాడుచేస్తే ఏమవుతుందో ఆ కవరు పంపినవాళ్లకి తెలియలేదు.

కవరులో ఒక ఆహ్వానపత్రం, ఒక చిన్న పుస్తకం ఉన్నాయి. మిషిగన్‌లో డెట్రాయిట్ పక్కన ఒక ఊళ్లో రష్యా నుంచి వెళ్లగొట్టబడిన కుటుంబాలవాళ్లు కట్టుకున్న హాలు ఉంది. ఆ హాలు వార్షికోత్సవానికి వెరా తండ్రి అర్సెనీ లూకిచ్ వెస్నిన్ చిత్రపటం ఆవిష్కరిస్తున్నారు. పుస్తకంలో ఆయన జీవితచరిత్ర అచ్చువేశారు. అంతర్యుద్ధంలో విప్లవాన్ని ఎదిరించిన శ్వేతసైన్యం తరఫున న్యాయమూర్తిగా కూర్చుని, ఎర్రవాళ్లు అనే బోల్షివిక్కుల చేతిలో నలిగిన పట్టణానికి న్యాయం తిరిగి తెచ్చిన సైనికాధికారి అని రాశారు.

"ఒక్క రోజు కూడా యూనిఫారం వెయ్యలేదు ఆయన," అంది వెరా.

ఆవిడ విన్న కథ ఇది. వెస్నిన్ దోన్ నది ఒడ్డున ఒక పట్టణంలో వకీలు. జారు చక్రవర్తి కాలంలో సమ్మె చేసిన రైల్వే కూలీల తరఫున వాదించాడు. విప్లవం వచ్చి ఎర్రవాళ్లు పట్టణం పట్టుకుంటే, వాళ్లు అరెస్టు చేసిన పూజారి తరఫున వాదించాడు. తర్వాత శ్వేతసైన్యం వచ్చింది. గడియారాలు బాగుచేసే లేజర్ గుర్విన్ అనే యూదుడి దుకాణంలో టెలిగ్రాం తంతి కొట్టే మీట దొరికిందని, శత్రువుకి వార్తలు పంపుతున్నాడని పట్టుకున్నారు. వెస్నిన్ వాదించడానికి వెళ్లేసరికి ఆ మనిషిని అప్పటికే ఉరి తీసేశారు. అయినా ఆయన ఆ సైనిక న్యాయస్థానంలో నిలబడి, ఉరితీసిన మనిషి తరఫున నలభై నిమిషాలు వాదించాడు. ఆ మాటలన్నీ రికార్డులో రాసేదాకా కదల్లేదు. అందుకు శ్వేతసైన్యం ఆయన్ని జైల్లో పెట్టింది. ఎర్రవాళ్లు తిరిగొచ్చి అదే రికార్డులో ఆయన పేరు చూసి, ఇతనూ ఆ కోర్టు మనిషేనని కాల్చేవాళ్ల జాబితాలో రాసుకున్నారు. జైలు తలుపులు తెరుచుకున్న గందరగోళంలో ఆయన రేవు పట్టణానికి పారిపోయి, ఓడెక్కి ఇస్తాంబుల్ చేరి, రెండేళ్లకి ఏ దేశానికీ చెందని మనిషిగా అమెరికాలో దిగాడు.

ఇక్కడ కోర్టుకెక్కాలంటే ముందు పౌరుడివి కావాలన్నారు. పౌరుడయ్యాక మళ్లీ లా చదవమన్నారు. అప్పటికి నలభై దాటాయి. డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీలో తలుపులకి మడతబందులు బిగించే పనిలో చేరి, అందులోనే ముసలివాడయ్యాడు. ఆదివారాలు ఆ హాల్లో ఒక మూల బల్ల వేసుకుని కార్మికులకి ఉచితంగా అర్జీలు రాసేవాడట. యూనియన్‌వాళ్లకి రాస్తున్నాడని హాలు పెద్దలు ఆ బల్ల తీయించేశారు. సభ్యుల పట్టీలోంచి పేరు కొట్టేశారు.

"పేరు కొట్టేసినవాళ్లే ఇప్పుడు గోడకి తగిలిస్తున్నారు," అంది వెరా. "నాన్న రాసుకున్న నోటుబుక్కులు వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఆయన పోయాక అమ్మ కట్టు కూడా విప్పకుండా దాచమని ఇచ్చింది. ఆయన చేతిరాత, ఆ పాత స్పెల్లింగులు నాకు రావు. నేను చదవలేదు. నువ్వు ఒక ఉత్తరం రాసిపెట్టు."

రాశాను. పటం ఆపమని, నోటుబుక్కులు ఇచ్చెయ్యమని, మన దగ్గర లాయరు నోటీసు ఎలా ఉంటుందో అలా రాశాను. వారం గడిచినా సమాధానం రాలేదు. ఆవిష్కరణ ఆదివారం. బుధవారం పొద్దున వెరా చిన్న సంచి సర్దుకుని వచ్చి మెట్ల మీద కూర్చుంది.

మా వసంత కూతురు సిరికి ఇరవై నాలుగేళ్లు. వలస కేసులు చూసే లాయరు ఆఫీసులో పనిచేస్తుంది. సెలవు పెట్టి కారు తీసింది. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు మాట్లాడుతుంది గానీ ఆడా మగా తేడా క్రియలకి అంటదు.

"పెద్దమ్మా, వెరా ఆంటీ స్టెప్స్ మీద కూర్చున్నాడు. మనం వెళ్లకపోతే బస్‌లో వెళ్తా అంటున్నాడు. నేను డ్రైవ్ చేస్తా," అంది.

గురువారం తెల్లవారాక బయల్దేరాం.

ఒహాయోలో ఆగిన చోట

పెన్సిల్వేనియా అంతా కొండలు, ఇంకా చిగురు పట్టని చెట్లు. చూడ్డానికి బాగున్నాయనే అనాలి. నేను ఆ పుస్తకం మూడోసారి చదువుతూ అంచుల్లో తప్పులు రాస్తున్నాను. పదకొండు పేజీల చరిత్రలో ఇరవై ఆరు తప్పులు తేలాయి.

ఒహాయోలో లారీలు ఆగే చోట ఒక పంజాబీ ఢాబా కనపడితే సిరి కారు తిప్పింది. బయట దేశం కాని దేశం, లోపల పొయ్యి మీద పెనం, ఉల్లిపాయ వాసన. ముల్లంగి పరోటా, పెరుగు, పచ్చిమిరపకాయలు. మిరపకాయ కొరికితే మొదటిసారి ఈ దేశంలో నోరు మండింది. వెరా కూడా ఒకటి కొరికి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ రెండోది తీసుకుంది.

పక్క బల్ల దగ్గర కూర్చున్న లారీ డ్రైవరు, నలభై ఏళ్ల సర్దార్జీ, మా ముగ్గురినీ చూసి ఎక్కడికని హిందీలో అడిగాడు. చెప్పాను. రష్యన్ వకీలు కథ మొత్తం విన్నాడు. ఆశ్రయం కోసం తనూ అర్జీ పెట్టానని, ఆరేళ్లుగా విచారణ తేదీ వెనక్కి జరుగుతూనే ఉందని చెప్పాడు. మొన్న తేదీ మార్చిన కాగితం పాత అడ్రసుకి వెళ్లిందట. ఇంకొకళ్లు ఫోన్ చేసి చెప్పకపోతే హాజరు కాలేదని దేశం నుంచి పంపించేసేవాళ్లట. అది చెబుతూ ఏమీ కోపం తెచ్చుకోలేదు. మన దగ్గర కోర్టు వరండాలో కక్షిదార్లు వాయిదా గురించి ఎంత మామూలుగా చెబుతారో అలా చెప్పాడు. సిరి తన ఆఫీసు కార్డు ఇచ్చింది. ఆయన దాన్ని తలపాగా మడతలో పెట్టుకుని, మా బిల్లు తనే కట్టేసి వెళ్లిపోయాడు.

కారెక్కాక సిరి అద్దం సర్దుకుని కారు రోడ్డెక్కించింది. తర్వాత, తన ఆఫీసులో రోజూ ఇలాంటివి పది ఫైల్స్ చూస్తానని, ఇంటికెళ్లాక గుర్తుండవని, అదే తనకి భయమని చెప్పింది.

నోవై

శుక్రవారం డెట్రాయిట్ పక్కనున్న నోవై చేరాం. కార్ల కంపెనీల ఇంజనీర్లు, ఐటీవాళ్లు ఉండే ఊరు. పార్కింగు మూలల్లో గుట్టలుగా పోసిన మంచు, కరగక బొగ్గులా నల్లబడి ఉంది. రోడ్డు మీద గుంటలు మన జిల్లా పరిషత్ రోడ్లని గుర్తుచేశాయి. ఒక గుంటలో టైరు పగిలింది. దాన్ని మార్చడానికి వచ్చిన మనిషి మిషిగన్‌లో రెండే కాలాలని, ఒకటి చలికాలం, రెండోది రోడ్లు బాగుచేసే కాలమని చెప్పి తనే నవ్వుకున్నాడు.

హాలు అక్కడికి అరగంట. ఉల్లిపాయ ఆకారం గోపురం కనపడగానే ఇదేనని లోపలికి వెళ్లాం. వందమంది పొడుగాటి బల్లల ముందు కూర్చుని వేయించిన చేపలు తింటున్నారు. ఎవరో ఒకావిడ మా చేతుల్లో పళ్లేలు పెట్టింది. సగం తిన్నాక తెలిసింది, అది సెర్బియావాళ్ల చర్చి అని. ఈస్టరుకి ముందు శుక్రవారాలు మాంసం మాని చేపలు తింటారట. మనం శనివారం ఉపవాసమని పొద్దున్నే ఆరు ఇడ్లీలు లాగించడం గుర్తొచ్చింది. రష్యన్ హాలు ఇంకో రెండు వీధులు అవతల అని దారి చెప్పి, చేపలు పొట్లం కట్టి మరీ పంపారు.

అసలు హాల్లో మాకోసం ఎదురుచూస్తున్నట్టే నిలబడ్డాడు అధ్యక్షుడు గ్రెగొరీ. అరవై ఏళ్లుంటాయి. తాతతండ్రులు ఓడ దిగినవాళ్లు, తను ఇక్కడే పుట్టాడు. మంచి కోటు, మెత్తటి గొంతు. వెరా చేయి ముద్దుపెట్టుకున్నాడు. టీ, గసగసాల రొట్టె తెప్పించాడు. నా నోటీసు అందిందని, చాలా చక్కగా రాశానని మెచ్చుకున్నాడు. ముప్పై రెండేళ్లలో నా నోటీసుని మెచ్చుకున్న ప్రతివాదిని చూడలేదు. అక్కడే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

చిత్రపటం చూపించాడు. వెరా పర్సులోంచి ఒక పాత ఫోటో తీసింది. తండ్రి ఫోటో ఆవిడ దగ్గర అదొక్కటే ఉంది. నల్లకోటు, తెల్లకాలరు, చేతిలో పుస్తకం. పటంలో ఉన్నది అదే ముఖం, అదే చూపు. మెడ కింద నుంచి మాత్రం సైనికాధికారి కోటు వేశారు. భుజాల మీద పట్టీలు, ఛాతీ మీద పతకం. పుస్తకం ఉన్న చేతిలో కత్తి పిడి.

వెరా ఫోటోని పటం పక్కన పట్టుకుని నిలబడింది.

గ్రెగొరీ మెత్తగానే వివరించాడు. ఇది ఒక తరానికి గుర్తుగా వేయించిన బొమ్మ అన్నాడు. అందరి తాతలూ యూనిఫారాల్లోనే ఓడెక్కారు, వెస్నిన్ కూడా అదే ఓడెక్కారు కదా అన్నాడు. పిల్లలకి ఫ్యాక్టరీలో తలుపులు బిగించిన మనిషి గురించి చెబితే ఎవరు వింటారని అడిగాడు.

"నువ్వు బొమ్మ గీయించిన మనిషిని జైల్లో పెట్టినవాళ్ల కోటు అది," అన్నాను. "ఆయన కక్షిదారుని ఉరితీసినవాళ్లది. అది తెలిసే వేయించావా, తెలియకా?"

"మేడం, అవన్నీ నూరేళ్ల కిందటి సంగతులు," అన్నాడు.

నాకు ఈ మాట బాగా అలవాటు. లాకప్‌లో దెబ్బలు తిన్నవాడి కేసు మూడో ఏడు విచారణకి వస్తే, ప్రభుత్వ వకీలు లేచి ఇదంతా పాత సంగతి అంటాడు. ఆలస్యం చేసేది వాళ్లే, ఆలస్యమైందనేదీ వాళ్లే. ఆ మాట గ్రెగొరీతో అనేలోపు సిరి అడ్డొచ్చి, నోటుబుక్కులు ఎక్కడున్నాయని అడిగింది. అనువాదం చేసినాయన దగ్గరే ఉండిపోయాయని, షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో ఉంటాడని, ఎన్నిసార్లు అడిగినా తిరిగివ్వడం లేదని గ్రెగొరీ చెప్పాడు. ఆదివారం కార్యక్రమంలో కుటుంబం తరఫున వెరాకి ఐదు నిమిషాలు ఇచ్చామని కూడా చెప్పాడు. అదేదో దానం చేసినట్టు.

ఆ రాత్రి నోవైలో తెలుగు హోటల్లో తిన్న గోంగూర పప్పు తియ్యగా ఉంది. మామూలు రోజైతే వంటవాణ్ణి పిలిపించి అడిగేదాన్ని.

షామ్‌బర్గ్

శనివారం మధ్యాహ్నానికి షామ్‌బర్గ్ చేరాం. అనువాదకుడి పేరు పావెల్. ఒదెస్సా నుంచి ముప్పై ఏళ్ల కిందట వచ్చిన దంతవైద్యుడు. భార్య పోయాక ఒక అపార్ట్‌మెంట్‌లో ఒక్కడే ఉంటున్నాడు. తలుపు తీసి వెరా పేరు వినగానే పక్కకి తప్పుకున్నాడు గానీ ముఖం చూడలేదు.

ఆయన తినబోతున్న భోజనం బల్ల మీద ఉంది, మాకూ వడ్డించాడు. వెన్నతో కలిపిన గోధుమరంగు గింజల అన్నం, ఉప్పునీళ్లలో ఊరేసిన టమాటాలు. మనం టమాటా నిల్వ పచ్చడికి కారం, మెంతిపిండి దట్టించి ఏడాది ఉంచుతాం. వాళ్లు ఉప్పు, వెల్లుల్లి, ఏదో ఆకుతోనే కాలం గడుపుతారు. పుల్లగా బాగుంది. మా ఊరివాళ్లైతే ఇందులో అసలు సంగతే వెయ్యడం మర్చిపోయారంటారు.

మొత్తం నోటుబుక్కులన్నీ అనువాదం చేసి ఇచ్చానని, హాలువాళ్లు అందులోంచి ఓడ ప్రయాణం మాత్రం ఉంచి మిగతాది తామే రాసుకున్నారని పావెల్ చెప్పాడు. పుస్తకం చూశాక అసలు ప్రతులు వాళ్లకి ఇవ్వబుద్ధి కాలేదన్నాడు.

"నేను పళ్ల డాక్టర్ని," అన్నాడు. "పన్ను పీకితే పీకానని రాస్తాను. లేని పన్ను ఉందని రాయను."

మరి కూతురికైనా ఇవ్వొచ్చు కదా, ఫోన్ కూడా చెయ్యలేదేమని నేనే గట్టిగా అడిగాను. ఆయన అప్పుడు వెరా వైపు చూశాడు.

"మూడుసార్లు నంబరు తీశాను. చేస్తే ఇందులో ఒక పేజీ గురించి చెప్పాలి. చెప్పలేకపోయాను."

నాలుగో నోటుబుక్కు, దానికి అతికించిన ఇంగ్లీషు కాగితాలు బల్ల మీద పెట్టాడు. వెరా కళ్లద్దాలు తీసేసి, కాగితాలు సిరి చేతికి ఇచ్చింది, నువ్వే చదువు అన్నట్టు. సిరి చదివింది. ఆ పేజీ నాకు దాదాపు మాట మాటా గుర్తుంది.

లేజర్ గుర్విన్ దుకాణంలో దొరికిన మీట రైల్వేవాళ్లు బాగుచెయ్యమని ఇచ్చింది. స్టేషను మాస్టరు సంతకం చేసిన రసీదు ఉంది. గుర్విన్ భార్య ఆ రసీదు తెచ్చి వెస్నిన్ చేతిలో పెట్టింది. విచారణ గురువారం. బుధవారం సాయంత్రం ఒక కెప్టెన్ వెస్నిన్ ఇంటికొచ్చి టీ తాగాడు. వాతావరణం బాగాలేదని, వకీలుగారు రేపు ఇంట్లోనే ఉంటే ఆరోగ్యానికి మంచిదని చెప్పి వెళ్లాడు.

"గురువారం నాకు జ్వరమని చీటీ రాసి పంపాను," అని ఉంది అందులో. "నాకు జ్వరం లేదు. రసీదు నా కోటు జేబులో ఉంది. రోజంతా ఆ కోటు వేసుకునే గదిలో తిరిగాను. శుక్రవారం పొద్దున సిగ్గేసి వెళ్లాను. బజారులో దీపస్తంభానికి లేజర్ గుర్విన్ వేలాడుతున్నాడు. అప్పుడు కోర్టు లోపలికి వెళ్లి నలభై నిమిషాలు మాట్లాడాను. అందరూ దాన్నే ధైర్యమంటున్నారు. నా భార్య కూడా అంటుంది. నేను కాదనలేదు."

వెరా మళ్లీ చదవమంది. సిరి మళ్లీ చదివింది.

"అమ్మకి చెప్పలేదు," అంది వెరా చివరికి. "నాకు చెప్పలేదు. ప్రతి ఈస్టరుకీ ఆ నలభై నిమిషాల కథ చెప్పమని అడిగేదాన్ని. చెప్పేవాడు." బల్ల మీదున్న ఫోటోని బోర్లా తిప్పి పెట్టింది.

నేను లేచి బాల్కనీలోకి వెళ్లాను. ఆ వకీలు మీద నాకు వచ్చిన కోపానికి కారణం నాకు తెలుసు. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒక లారీ క్లీనరు బెయిలు పిటిషన్ నా దగ్గరుండేది. దొంగతనం జరిగిన రోజు అతను ఒంగోలులో ఉన్నాడని ఆస్పత్రి చీటీ కూడా ఉంది. విచారణ ముందు రోజు సి.ఐ. మా ఇంటికి ఫోన్ చేసి, మీ ఆయన స్కూటరు మీద ఏ దారిన ఆఫీసుకి వెళ్తాడో నాకు తెలుసమ్మా అన్నాడు. మర్నాడు నేను వాయిదా అడిగాను. ఆ వాయిదా వేసవి సెలవుల్లో పడింది. సెలవులయ్యాక బెయిలు తెప్పించాను. ఈలోగా అతను నలభై ఏడు రోజులు సబ్‌జైల్లో ఉన్నాడు. బయటికొచ్చి నా కాళ్లకి దండం పెట్టాడు. నేను కాదనలేదు.

ఈ సంగతి వసంతకి కూడా తెలియదు. ఆ బాల్కనీలో నిలబడి, నా వెనకే వచ్చిన సిరికి, వెరాకి చెప్పాను. వెరా అంతా వింది. ఓదార్చలేదు. అందుకు ఆవిడంటే నాకు గౌరవం పెరిగింది.

ఆ రాత్రి పావెల్ ఇంట్లోనే పడుకున్నాం. పొద్దున్నే ఆయన నోటుబుక్కులన్నీ ఒక సంచిలో పెట్టి ఇచ్చాడు. ఆ పేజీ చింపేస్తారేమోనని భయంగా ఉందని నాతో గుసగుసగా అన్నాడు. వెరాకి వినపడింది.

"చింపను," అంది. "ఐదు నిమిషాలు ఇచ్చారుగా. ఇదే చదువుతాను."

ఆదివారం

మేం వెనక్కి మిషిగన్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది, హాలు నిండిపోయింది. ముందు వరుసలో పూజారి, వెనక ముసలివాళ్లు, పిల్లలు. గుమ్మంలో రొట్టె, ఉప్పు పట్టుకుని ఒక అమ్మాయి నిలబడింది. వచ్చినవాళ్లు రొట్టె ముక్క ఉప్పులో అద్దుకుని తిని లోపలికి వెళ్లాలి. మన దగ్గర గంధం, పన్నీరు. తిన్నాను. ఉప్పు తిన్నాక ఊరుకోకూడదని వాళ్ల ఆచారంలో ఉందో లేదో తెలియదు గానీ నేను అలాగే అనుకున్నాను.

నీలంగుడ్డ తీసి పటం చూపించారు. చప్పట్లు కొట్టారు. గ్రెగొరీ పది నిమిషాలు మాట్లాడి వెరాని పిలిచాడు. ఆవిడ మెట్లెక్కుతుంటే అందరూ గౌరవంగా లేచి నిలబడ్డారు.

మొదట ఫోటో ఎత్తి చూపించింది. ఇదీ మా నాన్న, ఆ కోటు ఆయనది కాదు అంది. తర్వాత కాగితం తీసింది. అది రాసిందెవరో, ఏ ఊళ్లో, ఏ ఏడు జరిగిందో రష్యన్‌లో చెప్పి, ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టింది. రసీదు దగ్గరికి వచ్చేసరికి కుర్చీలు కదిలిన చప్పుడు వినపడింది. కెప్టెన్ టీ తాగిన దగ్గర ఇద్దరు మగవాళ్లు లేచి బయటికి వెళ్లిపోయారు. జ్వరం చీటీ దగ్గర గ్రెగొరీ మైకు ఆపేశాడు. వేదిక ఎక్కి, చాలా మర్యాదగా, ఆవిడ అలిసిపోయిందని చెప్పి కాగితం మీద చెయ్యి వేశాడు.

నేను వెళ్లి ఆ చేతి మణికట్టు పట్టుకున్నాను. కోర్టులో ఎన్నడూ ఎవరినీ తాకిన దాన్ని కాదు. అరవై దాటిన చీరకట్టు ఆడదాన్ని అందరి ముందూ తోసెయ్యడం ఎలాగో ఆయనకి తోచలేదు. అలాగే నిలబడిపోయాడు.

"ఆవిడ టైమ్ ఇంకా రెండు మినిట్స్ ఉంది," అని సిరి కింద నుంచి ఇంగ్లీషులో గట్టిగా అంది. ఫోన్‌లో గడియారం పైకెత్తి చూపించింది.

వెరా మైకు లేకుండానే చదివింది. లైబ్రరీలో నలభై ఏళ్లు మెల్లగా మాట్లాడిన గొంతు ఎక్కడినుంచి అంత బలం తెచ్చుకుందో తెలియదు. చివరి వాక్యం దాకా చదివింది. "నేను కాదనలేదు" అన్న చోట కాగితం మడిచి, లేజర్ గుర్విన్ అని ఆ మనిషి పేరు ఇంకోసారి పలికింది. వేదిక అంచున పడి ఉన్న నీలంగుడ్డ తీసి పటం మీద కప్పింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పూజారి మాత్రం లేచి నిలబడి శిలువ గుర్తు వేసుకున్నాడు. అది ఎవరికోసమో నేను అడగలేదు.

గ్రెగొరీ గుమ్మం దాకా వచ్చి, రేపు ఆ గుడ్డ తీసేస్తామని, పుస్తకం అలాగే ఉంటుందని చెప్పాడు. అతని గొంతులో మెత్తదనం మొదటిసారి పోయింది. ఆ మాత్రం సాధించామనుకున్నాను. తర్వాత తెలిసింది, పటం ఇప్పటికీ ఆ గోడ మీదే ఉంది. నోటుబుక్కులు మాత్రం వెరా ఒక విశ్వవిద్యాలయం గ్రంథాలయానికి ఇచ్చేసింది. ఎవరైనా వెళ్లి చదువుకోవచ్చు.

కారు దగ్గర సిరి తాళాలు వెతుక్కుంటుంటే వెరా నా భుజం పట్టుకుంది.

"భారతీ వెంకటరత్నోవ్నా, నువ్వు లాయరువి. నన్ను ఓదార్చకుండా చెప్పు. గురువారమే ఆ రసీదు తీసుకుని వెళ్లి ఉంటే అతను బతికేవాడా?"

నాకు తోచిన మంచిమాటలు చాలా ఉన్నాయి. అవేవీ చెప్పలేదు.

"బతికేవాడు కాదేమో," అన్నాను. "వాళ్లు ముందే నిర్ణయించుకుని ఉంటారు. కానీ ఆ రసీదు చదివాక, తప్పు లేదని తెలిసీ ఉరి తియ్యాల్సి వచ్చేది."

వెరా తలూపింది. సిరి తలుపు తెరిచి పట్టుకుంది. ఆవిడ లోపల కూర్చుని, సీటు బెల్టు తనే పెట్టుకుంది.